యాభై ఒక్క గోళ్ల కొరత

గోరు చిన్న వస్తువే. కాని ప్రభుత్వం కంట్లో పడిన గోరు ఎంత పెరుగుతుందో మా అటవీ రేంజి ఆఫీసులో పనిచేసినవాళ్లకే తెలుసు. నేను అక్కడ ఇరవై మూడేళ్లుగా గుమాస్తాని. పేరు విఠలయ్య. పంచనామాలు, వాంగ్మూలాలు, సీలు వేసిన గోనెసంచుల జాబితాలు రాయడం నా పని. నా రాతలో కొట్టివేతలు ఉండవని మా ఇంట్లో తప్ప అందరూ మెచ్చుకుంటారు.

ఈ మే నెలలో ఎక్కడో ఒక పెళ్లికొడుకు మెడలో పులిగోరు వేసుకుని ఊరేగాడు. అతనితోపాటు ఆ వీడియో కూడా అందరి ఫోన్లలో ఊరేగింది. దాన్ని చూసి పైన ఎవరో పెద్ద సారు నిద్రలేచారు. వెంటనే ‘గోరు–కోర స్వాధీన పక్షోత్సవాలు’ జరపాలని, పదిహేను రోజుల్లో ప్రతి రేంజీ కనీసం ఒక కేసు చూపించాలని, చూపించలేని రేంజి ఆఫీసరు స్వయంగా వచ్చి కారణం విన్నవించుకోవాలని ఉత్తర్వు దిగింది.

మా రేంజి ఆఫీసరు పురంధరరావుగారు కారణాలు విన్నవించుకునే రకం కాదు. ఆయనకు కోపమొచ్చినా ఆనందమొచ్చినా చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చి, గొలుసుకు వేలాడే దాన్ని దేన్నో తడుముకుంటారు. దేవుడి బిళ్ల అయి ఉంటుందని మేమందరం అనుకునేవాళ్లం. అలా అనుకోవడమే మర్యాద.

పన్నెండు రోజులు తిరిగాం. చంటిపిల్లల మెడల్లోవి, ముసలివాళ్ల మెడల్లోవి, ఆఖరికి ఒక ఆటో అద్దానికి వేలాడుతున్నది కూడా విప్పించి చూశాం. అన్నీ జాతరలో కొన్న ప్లాస్టిక్ గోళ్లే. పురంధరరావుగారు చాలా నొచ్చుకున్నారు.

“ఇంత అడవి పెట్టుకుని ఒక్క అసలు గోరు లేదా విఠలయ్యా? ప్రజల్లో నిజాయితీ ఉండొచ్చుగాని మరీ ఇంతగానా?” అన్నారు.

పదమూడో రోజున దేవుడు కరుణించాడు. ఎర్రగట్టుపల్లెలో జాడి ఓదెలు అనే రైతు తన పత్తిచేనులో నీటిగుంట తవ్వుతుంటే జానెడు పొడుగు గోరు బయటపడింది. ఇంకా తవ్వితే పళ్లు, ఆపైన మనిషి మోయలేని ఎముకలు. ఊరి బడిపంతులు పట్నానికి ఫోను చేస్తే అక్కడి మ్యూజియం నుంచి కమలాకర్‌గారనే శాస్త్రవేత్త మరునాడే దిగాడు. బక్కపలచటి మనిషి. చీపురుపుల్లంత కుంచెతో ఒక్కో పన్నునూ తుడిచి, కాగితంలో చుట్టి, నంబరు వేసుకుంటూ అన్నం మాట మరిచిపోయాడట. ఇది రాక్షసబల్లి అని, పదహారు కోట్ల ఏళ్ల నాటిదని, అన్నిటికంటే ముఖ్యంగా ఇది భారీ మాంసాహారి అని పట్టలేని సంతోషంతో ఊరందరికీ చెప్పాడు.

మాంసాహారి అన్న మాట మధ్యాహ్నానికల్లా మా ఆఫీసుకు చేరింది. పురంధరరావుగారి చెయ్యి చొక్కా లోపలికి వెళ్లింది.

“మాంసాహారా? గోళ్లు, కోరలతో సహా? అయితే మనదే. జీపు తియ్యమను.”

మేం వెళ్లేసరికి ఓదెలు గుంట గట్టు మీద నిలబడి కమలాకర్‌గారికి తడి గోనెలు అందిస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మాటకు ముందు నవ్వు. మమ్మల్ని చూసి నవ్వుతూనే దండం పెట్టాడు. పాపం, అదే ఆఖరి నవ్వు, చాలా రోజుల వరకు.

“సదరు వన్యమృగ శరీరభాగాలు నీ ఆధీనంలోని భూమిలో, నీ చేతిలో ఉండగా పట్టుబడినవి. దీనికి నీ సమాధానం ఏమిటి?” అన్నారు పురంధరరావుగారు.

“పట్టువడుడేంది సారూ, నేనే పంతులుకు సెప్పిన గద!”

“నేరం స్వయంగా వెల్లడించాడు. రాసుకో విఠలయ్యా.”

కమలాకర్‌గారు అడ్డం వచ్చాడు. “సార్, ఇవి ఎముకలు కూడా కావు, రాళ్లు. ఇది చచ్చి పదహారు కోట్ల సంవత్సరాలైంది. అప్పటికి మనిషే పుట్టలేదు.”

“ఎప్పుడు చచ్చిందన్నది మా శాఖకు అప్రస్తుతం. ఎవరి దగ్గర దొరికిందన్నది ప్రస్తుతం.”

మాంసాహారి మృతికి మా దగ్గర ఉన్నది ఒకే నమూనా పత్రం, పులిది. చిరుతపులికైనా ఇన్నాళ్లూ అందులోనే సర్దుకున్నాం. అందులో పళ్లు ముప్పై, గోళ్లు పద్దెనిమిది అని ముద్రించే ఉంటుంది. దొరికినవి ఎన్ని, కొరత ఎంత అని పక్కన మేం నింపాలి. ముద్రించిన అంకెను కొట్టివేసే అధికారం రేంజి ఆఫీసుకు లేదు, డివిజనుకూ లేదు. ముద్రించినవాడికి ఉందేమోగాని అతను రిటైరై పోయాడు.

ఊళ్లోంచి ఐదుగురు పంచులను సాక్షులుగా పిలిపించి చెట్టు నీడన కూర్చోబెట్టాం. మీసాలు అన్న గడి దగ్గర నేను ఆగాను.

“మీసాలు లేవు సార్.”

“లేవు అని రాయకు. పీకివేయబడినట్లు అనుమానం అని రాయి.”

తర్వాత పళ్లు లెక్కపెట్టాం. అరవై నాలుగు తేలాయి. పురంధరరావుగారు కుర్చీలోంచి లేచారు. జంతువుకు ముప్పై పళ్లయితే అరవై నాలుగు పళ్లకు జంతువులెన్ని? రెండు జంతువులకు అరవై. మిగిలిన నాలుగు పళ్లు గాలిలోంచి రావు కదా. అంటే మూడో జంతువు ఉంది.

“మూడు!” అన్నారాయన, లాటరీ తగిలిన గొంతుతో. “ఒక్క రైతు మూడు పెద్ద మాంసాహారులను మట్టుబెట్టాడు. ఈ పక్షోత్సవాల్లో ఇలాంటి కేసు మరొకటి ఉండదు.”

“ఒక్కటే సార్,” అని కమలాకర్‌గారు ఏడుపు ముఖం పెట్టాడు. “ఈ జాతికి ఒక పన్ను ఊడితే ఇంకోటి వస్తుంది. బతికినంతకాలం వస్తూనే ఉంటాయి. ఒక్కదానికే వందలకొద్దీ పళ్లు ఉండొచ్చు.”

“అలాంటి వెసులుబాటు మా నమూనాలో లేదు.”

మూడు జంతువులకు పద్దెనిమిదేసి చొప్పున గోళ్లు యాభై నాలుగు. దొరికినవి మూడు. కొరత యాభై ఒకటి. ఆ అంకె నేనే నా దస్తూరీతో అందంగా వేశాను. కొరత పూడేవరకు ఘటనా స్థలానికి సీలు తీయరాదని నమూనా వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఓదెలు నాలుగెకరాల చుట్టూ తాడు కట్టించి, ఎముకలన్నీ గుంటలోనే ఉంచి, గట్టున ఒక వాచరును కూర్చోబెట్టి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే ఓదెలు, అతని భార్య మధునక్క ఆఫీసు వరండాలో ఉన్నారు.

“సారూ, మిరుగు కార్తె రేపో ఎల్లుండో. దుక్కి దున్ని పెట్టుకున్న. రెండు వానలు పడ్డయంటె గింజ పెట్టాలె. అదను పోతె ఈ ఏడు చేను పడావే,” అన్నాడు ఓదెలు.

“గోళ్లు తెచ్చి ఇవ్వు. సీలు తీస్తాం. మాకు నీతో పగేముంది?” అన్నారు పురంధరరావుగారు.

“గా గోర్లు నేనెక్కడికెల్లి తేవాలె సారూ?”

“ఎక్కడికి తరలించావో అక్కడి నుంచి.”

మధునక్క కొంగు నడుముకు బిగించింది. “జాతరల ప్లాస్టిక్ గోర్లు దొరుకుతయ్ సారూ. యాభై ఒకటి కొనుక్కొచ్చి మీ మొకాన... మీ ముందల పెట్టుమంటరా?”

“నకిలీ గోళ్లు సమర్పించడం వేరే నేరం. అది కూడా రాయమంటావా?”

ఆమె నావైపు చూసింది. నేను పెన్ను క్యాపు పెట్టుకున్నాను. ఆ మాత్రం దయ నాలోనూ ఉంది.

ఆ మధ్యాహ్నం శవపరీక్షకు పశువైద్యురాలు షాహీన్‌గారిని తీసుకెళ్లాం. తెలివైన పిల్ల, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చింది. గుంటలోకి దిగి, తొడ ఎముకను వేలితో తట్టి, చెవి ఆనించి, మెల్లగా పైకి వచ్చింది.

“శరీరం పూర్తిగా బిగుసుకుపోయి ఉంది,” అంది.

“రాసుకో విఠలయ్యా. మృతి చెంది ఎన్ని గంటలైంది డాక్టరుగారూ?”

“గంటలా సార్?” ఆమె ఫోను తీసి చాలాసేపు గుణించింది. “గడి సరిపోదు సార్.”

“పోనీ, మృతికి కారణం?”

కమలాకర్‌గారు ఆశగా చెప్పాడు. “వరదలో మునిగి చచ్చిందనిపిస్తోంది. మట్టి పొరలు అలా ఉన్నాయి.”

పురంధరరావుగారు ఆయన దగ్గరగా వెళ్లి గొంతు తగ్గించి అడిగారు. “ఎవరు తోశారు?”

షాహీన్‌గారు తల తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. కమలాకర్‌గారు మాత్రం నిజంగానే ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. పడమటి దిక్కున మబ్బు పడుతోంది. ఒక్క గట్టి వాన పడితే గుంటలో నీళ్లు నిండి, పదహారు కోట్ల ఏళ్లు చెక్కుచెదరని ఎముకలు పదహారు నిమిషాల్లో పగిలి మట్టిలో కలుస్తాయని ఆయన బెంగ. అదే వాన పడగానే గింజ పెట్టకపోతే ఏడాదంతా ఏం తినాలన్నది ఓదెలు బెంగ. మబ్బు ఒకటే. దాని కింద ఇద్దరూ తాడు బయట నిలబడి ఉన్నారు. నాకు వాళ్లను చూస్తే మనసు పాడైంది. అయినా జాబితా పూర్తిచేశాను.

ఇక కుటుంబసభ్యుల వాంగ్మూలాలు మిగిలాయి. ఓదెలు తండ్రి బానయ్యకు ఎనభై దాటాయి. ఊళ్లో హోటలు బల్ల మీద కూర్చుని, ఒకప్పుడు గొడ్డలితో పులిని తరిమిన కథ చెప్పడం ఆయన నిత్యకృత్యం. ఏటేటా ఆ పులి పెరుగుతూ వచ్చిందని, ఈమధ్య ఎవరూ వినడం లేదని పంచులు చెప్పారు. అది విన్న పురంధరరావుగారి కళ్లు మెరిశాయి. పదిహేనో రోజు అది. సాయంత్రం ఐదింటికి పక్షోత్సవాలు ముగుస్తాయి.

బానయ్యను మా ఆఫీసుకు రప్పించి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ కుర్చీలో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారట. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి నిటారుగా కూర్చున్నాడు.

“విఠలయ్యా, నువ్వు రాసిన పేజీ రాసినట్టే ఫోటో తీసి డివిజను గ్రూపులో పెడుతూ ఉండు. ఐదు దాటకూడదు. బానయ్యా, చెప్పు. ఈ మూడు జంతువులను ఎవరు చంపారు?”

“నేనే సంపిన సారూ.”

ఓదెలు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “నాయినా! నీకు దండం పెడ్త, ఊకో! నువ్వు గోరంత అంటె వీళ్లు కొండంత రాస్తరు!”

“నువ్వూకోరా. నన్ను అడుగుతుండ్రు,” అన్నాడు ముసలాయన. “మూడిటిని నేనే సంపిన. గొడ్డలితోటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్కటే దెబ్బ.”

పురంధరరావుగారు ఆనందంతో ఛాతీ తడుముకున్నారు. నేను మొదటి పేజీ ఫోటో తీసి పెట్టాను. వెంటనే డివిజను నుంచి చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు వచ్చాయి.

“శభాష్. మరి గోళ్లు యాభై ఒకటి ఏం చేశావు?”

“మీకే ఇచ్చిన గద సారూ.”

పురంధరరావుగారి చెయ్యి ఛాతీ మీదనుంచి దిగింది.

“ఎవరికి?”

“మీ ఆఫీసోళ్లకే. ఎవ్వరొస్తె వాళ్లకు. జీపు దిగంగనే అడుగుతుండిరి. ముసలోడా, మా పిల్లగాడు నిద్రల ఉలిక్కిపడుతుండు, దిష్టి ఉన్నట్టున్నది, ఒక గోరుంటె సూడు అని. పెద్దోళ్లు, సిన్నోళ్లు, అందరడిగిండ్రు. కాదంటె బాగుంటదా? ముప్పై ఏండ్ల సంది ఇచ్చుకుంటనే ఉన్న. సరిగ్గ యాభై ఒకటి.”

“పేర్లు! పేర్లు చెప్పు!”

“పేర్లు నాకేం ఎరుక సారూ. నాకు అందరూ సారే.”

నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు ఎవరూ అడగలేదు. తర్వాత అలవాటు కొద్దీ రాసేశాను, వేలిముద్ర తీసుకున్నాను, పంచులు సంతకాలు పెట్టారు. ఆజ్ఞ ఎలా ఉందో అలాగే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పురంధరరావుగారు నా చేతిలోంచి ఫోను లాక్కునే లోపే దాన్ని నూట ముప్పై మంది చూశారు. ఈసారి చప్పట్లు రాలేదు.

రెండు గంటల్లో డివిజను నుంచి ఉత్తర్వు వచ్చింది. భాష చక్కగా ఉంది. “పైన ఉదహరించిన వాంగ్మూలం దృష్ట్యా, కొరత యావత్తూ రైతు నుంచి శాఖ సిబ్బందికి బదిలీ అయినట్లు భావించవలసి ఉన్నది. గడిచిన ముప్పై ఏళ్లలో సదరు రేంజిలో పనిచేసిన, చేస్తున్న, చేసి విరమించిన సిబ్బంది తమ వద్ద గల గోళ్లను మూడు రోజులలోగా జమచేయవలెను. పేర్లు అడగబడవు. మూడు రోజుల తరువాత ఇళ్లు సోదా చేయబడును.”

పేర్లు అడగకుండా గోళ్లు తీసుకునే సాధనం మా దగ్గర ఒకటే ఉంది, వరండాలోని సలహాల పెట్టె. పెట్టినప్పటి నుంచి దాన్ని తెరవలేదు. తాళంచెవి కోసం ఒక పూట వెతికాం. తెరిస్తే అందులో ఒకే ఒక సలహా ఉంది, మరుగుదొడ్డికి గడియ పెట్టించమని. దాన్ని తీసి భద్రపరిచి, పెట్టెను మళ్లీ మూసి వరండాలో ఉంచాం.

ఆ మూడు రోజులూ మా ఆఫీసుకు వచ్చినంతమంది జనం స్వాతంత్ర్య దినానికి కూడా రారు. ఎవరూ పనిమీద రాలేదు. ఊరికే ఇలా వెళ్తూ ఆగాం అన్నారు. ఇద్దరు రిటైరైన రేంజి ఆఫీసర్లు నడకకని వచ్చారు, వాళ్లుండేది ముప్పై కిలోమీటర్ల దూరంలో. ఒకావిడ తీర్థం నుంచి వస్తున్నానంటూ పెట్టెకు దండం పెట్టి వెళ్లింది. ఎక్కడో దూరప్రాంతం నుంచి ఒక రిజిస్టరు పోస్టు వచ్చింది, అందులో గోరుతోపాటు చీటీ, ‘పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు మాత్రమే కట్టాము.’

నాలుగో రోజు పంచుల ఎదుట పెట్టె తెరిచాం. బోర్లిస్తే బల్ల మీద గలగలమంటూ పడ్డాయి. బంగారు చుట్టు వేసినవి, వెండి తొడుగువి, జంటగా చేయించినవి. షాహీన్‌గారు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసింది.

“ప్లాస్టిక్ ఒక్కటి కూడా లేదు సార్. అన్నీ అసలు పులి గోళ్లే,” అంది. ఈసారి ఆమె నవ్వలేదు.

లెక్కపెట్టాం. యాభై ఎనిమిది.

పురంధరరావుగారి చెయ్యి అలవాటుగా చొక్కా లోపలికి వెళ్లి, అక్కడ ఏమీ దొరక్క తిరిగి వచ్చింది. ఆయన ఆ రోజు నుంచి మెడదాకా బొత్తాలు పెట్టుకుంటున్నారు. నల్లతాడుకు కట్టిన చిన్న గోరు ఒకటి ఆ కుప్పలో ఉంది. అది ఎవరిదో నేను చెప్పను. మా అమ్మాయికి పెళ్లయి రెండేళ్లయింది, ఇప్పుడు ఉలికిపాట్లు లేవు.

“కొరత యాభై ఒకటి. జమ యాభై ఒకటి. కొరత లేదు. కేసు ముగిసింది. రాసెయ్,” అన్నారు పురంధరరావుగారు గొంతు సవరించుకుని.

“ఇంకో ఏడు మిగిలాయి సార్. నమూనా ప్రకారం చూస్తే నాలుగో జంతువు...”

ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపారు. ఇరవై మూడేళ్లలో నా లెక్క విని ఒక అధికారి అలా భయపడటం అదే మొదటిసారి.

“మిగిలినవాటికి కాలమ్ ఉందా?”

“లేదు సార్. కొరతకే ఉంది.”

“లేనిదాన్ని మనం సృష్టించకూడదు. ఎవరివి వాళ్లు తీసుకోవచ్చు.”

ఆ ఏడింటినీ మళ్లీ పెట్టెలో వేసి, తాళం వేయకుండా వరండాలో ఉంచాం. సాయంత్రానికి పెట్టె ఖాళీ. నల్లతాడుది మాత్రం ముందే యాభై ఒకటిలోకి వెళ్లిపోయింది.

సీలు తీసే ఉత్తర్వు పట్టుకుని నేనే ఎర్రగట్టుపల్లె వెళ్లాను. తాడు విప్పీ విప్పకముందే కమలాకర్‌గారు గుంటలోకి దూకాడు. పళ్లు, గోళ్లు, ఎముకలు ప్లాస్టరు కట్లతో ఎద్దుబండి మీదికి, బండి మీద నుంచి వ్యాను మీదికి ఎక్కించేసరికి మొదటి చినుకులు పడ్డాయి. మిరుగు ఇంకా వెళ్లలేదు. ఓదెలు, మధునక్క సాళ్ల వెంట వంగి గింజలు పెట్టుకుంటూ పోతున్నారు. ఓదెలు నన్ను చూసి దండం పెట్టాడుగాని నవ్వలేదు. నవ్వుతాడని నేనూ అనుకోలేదు.

గట్టు మీద బానయ్య గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. సీలు తీసినట్టు వేలిముద్ర తీసుకుంటూ మెల్లగా అడిగాను, “నిజం చెప్పు. నువ్వు పులిని ఎప్పుడైనా చంపావా?”

“పులినా? నా జన్మల సూడలే సారూ,” అన్నాడు ముసలాయన. “ఆఫీసర్లనైతె శానమందిని సూసిన.”

“మరి అడిగారని చెప్పింది?”

“అది మాత్రం అబద్ధం కాదు. మీరే అడగలేదా? మీకు బిడ్డ పుట్టిన ఏడు, గీ గట్టు మీదనే జీపు దిగిండ్రు. నా తాన లేదంటె నమ్మలే. దాసుకున్నవ్ తియ్యి ముసలోడా అని ఎంత కోపం చేసిండ్రు!” అని ఆయన నా ముఖంలోకి చూశాడు. “బిడ్డ ఇప్పుడు మంచిగున్నదా సారూ?”

మంచిగానే ఉందని చెప్పాను. వేలిముద్ర మీద వాన చినుకు పడి సిరా చెదిరింది. మళ్లీ తీయాలి. తీయకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గింజలు పెట్టిన సాళ్లు తొక్కకుండా చేను పక్కనుంచి నడిచి జీపు దగ్గరికి వచ్చాను.